పుసిల్లస్, బెర్క్‌టోల్డై: సన్నాకు పాండ్‌వీడ్‌లను వేరుచేసి గుర్తించే విధానం

పాండ్‌వీడ్‌లుగా పిలిచే పొటమొజెటాన్ ప్రజాతి మొక్కల్లో నీటిపై తేలే వెడల్పాటి ఆకులున్న వాటిని గుర్తుపట్టడం అంత కష్టమేమీ కాదు. చిక్కంతా పూర్తిగా నీటిలోనే మునిగి ఉండి, సుమారు రెండు మిల్లీమీటర్లకు మించని సన్నటి ఆకులతో పెరిగే జాతులతోనే వస్తుంది. వాటిలో అందరినీ ఎక్కువగా తికమక పెట్టే జంట పొటమొజెటాన్ పుసిల్లస్, పొటమొజెటాన్ బెర్క్‌టోల్డై. రెండింటి కాండాలూ సన్నగా, ఇంచుమించు గుండ్రంగా ఉంటాయి. రెండూ బాగా కొమ్మలు వేస్తాయి, రెండింటికీ తేలే ఆకులు ఉండవు, ఒకే చెరువులో పక్కపక్కనే పెరగడమూ అరుదు కాదు. గట్టు మీద నిలబడి చూసి వీటిని వేరుచేయడం సాధ్యం కాదు. మొక్కను చేతిలోకి తీసుకుని, భూతద్దం కింద పెట్టి, లేత కొమ్మ మీద ఒక చిన్న కోత కోస్తే మాత్రం చాలా సందర్భాల్లో కొద్ది నిమిషాల్లోనే నిర్ణయానికి రావచ్చు. ఆ కోత ఎక్కడ కోయాలి, అందులో ఏం చూడాలి, మిగతా లక్షణాలకు ఎంత విలువ ఇవ్వాలి అన్నవే ఇక్కడ వివరిస్తున్న విషయాలు.

పాత రికార్డులను సరిచూసుకునేవారు ముందుగా పేర్ల చరిత్ర కొంత తెలుసుకోవాలి. పుసిల్లస్ అన్న పేరును లిన్నేయస్ 1753లో పెట్టాడు. బెర్క్‌టోల్డైను ఫీబర్ 1838లో వర్ణించాడు. అయినా ఆ తర్వాత సుమారు వందేళ్లపాటు చాలామంది వృక్షశాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ కలగలిపి పుసిల్లస్ అనే రాస్తూ వచ్చారు. ఆకు మొదట్లో కాండాన్ని చుట్టుకునే పలుచటి పొరను, అంటే తొడుగును, గొట్టంలా కలిగిన మొక్కను విడిగా గుర్తించినవారు దానికి పానార్మిటానస్ అన్న మరో పేరు వాడేవారు. బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞులు డాండీ, టేలర్ 1940 ప్రాంతంలో ఈ చిక్కును విప్పి, లిన్నేయస్ పెట్టిన పేరు గొట్టపు తొడుగున్న జాతికే చెందుతుందని, తెరిచిన తొడుగున్న జాతిని బెర్క్‌టోల్డై అనాలని స్థిరపరిచారు. అందువల్ల అంతకు ముందటి రికార్డుల్లో పుసిల్లస్ అని కనిపిస్తే, నమూనాను చూడకుండా అది ఏ జాతో చెప్పడానికి వీల్లేదు. ఉత్తర అమెరికా గ్రంథాల్లో బెర్క్‌టోల్డైను ప్రత్యేక జాతిగా కాక పుసిల్లస్‌లో టెన్యుయిసిమస్ అనే ఉపజాతిగా చూపిన సందర్భాలూ ఉన్నాయి. నా దృష్టిలో రెండింటినీ వేర్వేరు జాతులుగా చూడటమే మేలు, ఎందుకంటే తొడుగు, ఆకు, కంకి మూడింట్లోనూ కనిపించే తేడాలు చాలావరకు ఒకదాని వెంట ఒకటి కలిసే వస్తాయి.

మొక్కను సేకరించడం

ఒడ్డు నుంచి అందే మొక్కలను చేత్తో గానీ, లోతైన చోట తాడు కట్టిన కొక్కెంతో గానీ తీయవచ్చు. ఎలా తీసినా కొమ్మ చివరలు తెగిపోకుండా చూసుకోవాలి, ఎందుకంటే గుర్తింపుకు పనికొచ్చేది ముదిరిన అడుగు భాగం కాదు, ఇంకా విచ్చుకోని ఆకులున్న లేత చివర. చాలామంది బాగా బలిసి, ఆకులు దట్టంగా ఉన్న పాత కొమ్మలనే ఏరుకొస్తారు. వాటి మీద పత్రపుచ్ఛాలు (పైన తొడుగు అన్నది వీటినే) చీలిపోయి, కుళ్లి, పీచులుగా మారి ఉంటాయి కాబట్టి ఇంటికి వచ్చాక చూడటానికి ఏమీ మిగలదు. పూత వచ్చే కాలంలో, ఇంకా కొత్త కొమ్మలు వేస్తున్న దశలో తీసిన మొక్క అన్నింటికన్నా మంచిది. నాలుగైదు లేత చివరలు, ఒకటి రెండు పూల కంకులు, దొరికితే కాసిని కాయలు ఉంటే సరిపోతుంది, మొక్కను వేళ్లతో సహా పెకలించాల్సిన పని లేదు.

తీసిన కొమ్మలను అదే చెరువు నీళ్లు కొద్దిగా పోసిన ప్లాస్టిక్ సంచిలో వేసి, గాలి కొంచెం ఉండేలా మూతి బిగించి, ఎండ తగలని చోట చల్లగా ఉంచాలి. ఈ మొక్కలకు నీటి నుంచి బయటికి తీసిన కొద్దిసేపటికే ఆకులు ముడుచుకుపోతాయి. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు వెళ్లే ముందు కొక్కెం, తాడు, బూట్లు శుభ్రంగా కడిగి ఆరబెట్టడం కూడా తప్పనిసరి, ఎందుకంటే తెగిన చిన్న ముక్క నుంచీ, ట్యూరియాన్‌లు అనే విశ్రాంతి మొగ్గల నుంచీ మళ్లీ మొక్కలు వస్తాయి, వాటితో పాటు అక్కర్లేని ఇతర జీవులూ ప్రయాణం చేస్తాయి.

పరిశీలనకు కావలసినవి పెద్దగా ఏమీ లేవు: తెల్లటి పళ్లెం ఒకటి, పది రెట్లు చూపే భూతద్దం, వీలైతే ఇరవై రెట్లు చూపేది ఇంకొకటి, కొత్త రేజర్ బ్లేడు, సన్నటి సూదులు రెండు, గాజు పలక, మిల్లీమీటర్ల స్కేలు. డిసెక్షన్ మైక్రోస్కోపు అందుబాటులో ఉంటే పని తేలికవుతుంది గానీ, అది లేనంత మాత్రాన ఆగిపోనక్కర్లేదు.

ముందుగా ఇతర మొక్కలు కావని తేల్చుకోవడం

చేతిలో ఉన్నది ఈ రెండింటిలో ఒకటి అని ఊహించుకుని మొదలుపెట్టడమే పెద్ద పొరపాటు. సన్నటి ఆకులతో నీటిలో పెరిగే మొక్కలు ఇంకా చాలా ఉన్నాయి. నాజాస్ మొక్కలకు ఆకు అంచున చిన్న పళ్లుంటాయి, మన రెండు జాతుల ఆకు అంచు నునుపుగా ఉంటుంది. జానికెల్లియాకు ఆకులు చాలావరకు ఎదురెదురుగా పుడతాయి, కొద్దిగా వంగిన సన్నటి కాయలు కణుపుల దగ్గరే గుత్తిగా కనిపిస్తాయి. స్టుకెనియా పెక్టినేటా విషయంలో మాత్రం జాగ్రత్తగా చూడాలి. దాని పత్రపుచ్ఛం ఆకు మొదలుతో కలిసిపోయి తొడుగుగా మారుతుంది కాబట్టి, ఆకును పట్టుకుని కిందికి లాగితే తొడుగు కూడా ఆకుతోనే వస్తుంది. పుసిల్లస్, బెర్క్‌టోల్డైలలో ఆకు వేరు, పత్రపుచ్ఛం వేరు, ఆకును తీసేసినా పొర కాండాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది.

పొటమొజెటాన్ ప్రజాతిలోనే ఉన్న దగ్గరి చుట్టాలను కూడా పక్కన పెట్టాలి. ఆకులో అయిదు ఈనెలు, బల్లపరుపుగా నొక్కినట్టున్న కాండం, గొట్టపు తొడుగు కనిపిస్తే అది ఫ్రీసియై కావచ్చు. ఆకు రెండున్నర మూడు మిల్లీమీటర్ల వెడల్పుతో, మొండి చివరతో ఉంటే ఆబ్ట్యూసిఫోలియస్ వైపు చూడాలి. అన్నింటికన్నా ఎక్కువ మోసపుచ్చేది ట్రైకాయిడిస్. దాని ఆకు వెంట్రుకంత సన్నగా ఉండి, మధ్య ఈనె మాత్రం ఆకు వెడల్పులో పెద్ద భాగాన్ని ఆక్రమించేంత లావుగా కనిపిస్తుంది, ఒక్కో పువ్వులో సాధారణంగా ఒకే ఫలదళం (కాయగా ఎదిగే భాగం) ఉంటుంది. ఈ మూడూ కావని తేలాకే అసలు పోలికకు దిగడం మంచిది.

తొడుగు పరీక్ష

నిర్ణయాత్మకమైన లక్షణం పత్రపుచ్ఛమే. ప్రతి ఆకు మొదట్లో, ఆకుకూ కాండానికీ మధ్య, పలుచటి పారదర్శకమైన పొర ఒకటి కాండాన్ని చుట్టుకుని పైకి లేచి ఉంటుంది, లోపల పెరుగుతున్న లేత కొమ్మను అది కాపాడుతుంది. పుసిల్లస్‌లో ఈ పొర అంచులు రెండూ మొదలు నుంచి దాదాపు సగానికి పైగా అతుక్కుని పూర్తి గొట్టంగా ఉంటాయి. బెర్క్‌టోల్డైలో అంచులు ఎక్కడా అతుక్కోవు, చుట్టిన కాగితంలా ఒక అంచు ఇంకో అంచు మీదికి వచ్చి ఉంటుంది. బయటి నుంచి చూస్తే రెండూ గొట్టాల్లాగే కనిపిస్తాయి కాబట్టి కంటిచూపుతోనో, వేలితో తడిమో చెప్పబూనడం పొరపాటు.

పరీక్షకు కొమ్మ చివరి నుంచి రెండో మూడో కణుపును ఎంచుకోవాలి. మరీ చివరిది తీస్తే తొడుగులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. మరీ కిందిది తీస్తే, లోపలి కొమ్మ లావెక్కి పుసిల్లస్ గొట్టాన్ని కూడా చీల్చివేసి ఉంటుంది, అప్పుడది అచ్చంగా బెర్క్‌టోల్డైలాగే తెరుచుకుని కనిపిస్తుంది. తప్పు గుర్తింపుల్లో ఎక్కువ భాగం ఇలా చీలిన ముదురు తొడుగును చూసి వచ్చినవే. ఎంచుకున్న కణుపు దగ్గర ఆకును సూదితో మెల్లగా పక్కకు వంచి, మొదట్లో తెంపేయాలి. తర్వాత కొమ్మను గాజు పలక మీద ఒక చుక్క నీటిలో పెట్టి, తొడుగు పొడవులో కింది మూడో వంతు దగ్గర బ్లేడుతో అడ్డంగా పలుచటి చక్రం కోయాలి. బ్లేడును నొక్కకుండా, ఒకే వైపుకు లాగుతూ కోయాలి, నొక్కితే పొర నలిగి అంచులు కలిసిపోయినట్టు కనిపిస్తాయి.

కోసిన చక్రాన్ని కోత ముఖం పైకి ఉండేలా పెట్టి ఇరవై రెట్ల భూతద్దంతో చూస్తే మధ్యలో కాండం, దాని చుట్టూ పలుచటి వలయం కనిపిస్తాయి. ఆ వలయం ఎక్కడా తెగకుండా పూర్తిగా చుట్టి వస్తే పుసిల్లస్. ఒకచోట అంచులు విడివడి, ఒకదాని మీదికి మరొకటి జారి ఉంటే బెర్క్‌టోల్డై. మొదటి కోత స్పష్టంగా రాకపోవడం మామూలే, అదే కొమ్మ మీద ఇంకో రెండు మూడు కణుపుల దగ్గర కోసి చూడాలి. అన్నీ ఒకే మాట చెబితేనే నమ్మాలి.

కోత కోయడం ఇష్టం లేనివారికి సూదితో చేసే పద్ధతి ఒకటి ఉంది. ఆకును తీసేశాక రెండు సూదుల మొనలతో తొడుగు పై అంచును పట్టుకుని, చుట్టను విప్పినట్టు కిందికి మెల్లగా విప్పుతూ పోవాలి. బెర్క్‌టోల్డై పొర ఎలాంటి అడ్డూ లేకుండా మొదలు దాకా విచ్చుకుని, నునుపైన రెండు అంచులున్న పలకలా పరుచుకుంటుంది. పుసిల్లస్‌లో కొంత దూరం విచ్చుకున్నాక సూది ఆగిపోతుంది, ఇంకా లాగితే పొర చిరుగుతుంది, ఆ చిరిగిన అంచు భూతద్దంలో గరుకుగా, పీచుగా కనిపిస్తుంది. చేయి స్థిరంగా ఉన్నవారికి ఈ పద్ధతే త్వరగా పూర్తవుతుంది, కానీ చిరిగిన అంచుకూ సహజమైన అంచుకూ తేడా పట్టుకోవడం అలవాటయ్యేదాకా అడ్డకోతనే నమ్ముకోవడం క్షేమం.

ఆకులో చూడవలసినవి

తొడుగు చెప్పిన మాటను ఆకు బలపరుస్తుంది. మధ్యస్థంగా ముదిరిన ఆకును నీటి చుక్కలో పరిచి, కింద నుంచి వెలుతురు వచ్చేలా పట్టుకుని, దాని కింది సగాన్ని చూడాలి. బెర్క్‌టోల్డైలో మధ్య ఈనెకు ఇరువైపులా గాలి గదుల వరుసలు లేత రంగు పట్టీలాగా స్పష్టంగా కనిపిస్తాయి, ఒక్కో వైపు అయిదు వరుసల దాకా ఉండవచ్చు. పుసిల్లస్‌లో ఆ పట్టీ అసలు ఉండదు, లేదా ఒకటి రెండు వరుసలతో ఇరుకుగా ఉంటుంది. పూర్తి మొక్కలో అన్ని ఆకులకూ గాలి గదులు ఒకేలా ఉండవు కాబట్టి ఒక ఆకును చూసి తేల్చకూడదు.

తర్వాత ఆకు చివర చూడాలి. పుసిల్లస్ ఆకు చివరి దాకా క్రమంగా సన్నబడుతూ వాడిగా ముగుస్తుంది. బెర్క్‌టోల్డై ఆకు చివరి దాకా ఇంచుమించు ఒకే వెడల్పుతో వచ్చి, అక్కడ హఠాత్తుగా కుదించుకుపోయి, మొండిగా ముగిసి, కొసన ఒక చిన్న ముల్లులాంటి మొనతో కనిపించడం ఎక్కువ. పక్క ఈనెలు మధ్య ఈనెతో కలిసే తీరు కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది: పుసిల్లస్‌లో అవి చివరికి చాలా కిందుగా, సన్నటి కోణంలో వచ్చి కలుస్తాయి, బెర్క్‌టోల్డైలో చివరికి దగ్గరగా, దాదాపు లంబకోణానికి చేరువైన వెడల్పు కోణంలో కలుస్తాయి. భూతద్దం కింద ఒక్కసారి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవారికి ఈ తేడా మళ్లీ మరుపు రాదు.

ఆకు వెడల్పును మాత్రం నేను లెక్కలోకి తీసుకోవద్దంటాను. పుసిల్లస్ ఆకులు సాధారణంగా 0.8 నుంచి 1.4 మిల్లీమీటర్లు, బెర్క్‌టోల్డై ఆకులు 0.8 నుంచి 1.8 మిల్లీమీటర్లు ఉంటాయి. ఈ అంకెలు ఒకదాని మీద ఒకటి ఎంతగా పడుతున్నాయో చూస్తేనే కొలత ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది. పైగా నీటి లోతు, వెలుతురు, ప్రవాహ వేగం మారితే ఒకే జాతి ఆకులు సన్నగానో వెడల్పుగానో మారిపోతాయి. కణుపుల దగ్గర కనిపించే చిన్న గ్రంథుల జంట కూడా ఇలాంటి ఆనవాలే. బెర్క్‌టోల్డైలో అవి తరచుగా స్పష్టంగా ఉంటాయి, పుసిల్లస్‌లో ఉండకపోవడమో, అంతంతమాత్రంగా ఉండడమో జరుగుతుంది. సూచనగా రాసుకోవచ్చు గానీ వాటి మీద నిర్ణయం నిలబెట్టకూడదు.

పూలు, కాయలు దొరికితే

కంకి ఆకారం అక్కరకొచ్చే లక్షణం. పుసిల్లస్ కంకిలో పూల వలయాలు రెండు నుంచి నాలుగు దాకా ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి, మధ్యలో ఖాళీ కాడ కనిపిస్తుంది. బెర్క్‌టోల్డై కంకి కురచగా, పూలు ఒత్తుగా, గుండ్రటి ముద్దలా ఉంటుంది. కాయలు కాసే దశలో ఈ తేడా ఇంకా స్ఫుటమవుతుంది. కాయలు పుసిల్లస్‌లో 1.8 నుంచి 2.3 మిల్లీమీటర్ల పొడవుతో నునుపుగా ఉంటాయి. బెర్క్‌టోల్డైలో 2.7 మిల్లీమీటర్ల దాకా పెరగవచ్చు, వాటి మీద తరచుగా చిన్న బుడిపెలు కనిపిస్తాయి. బుడిపెలు చూడాలంటే కాయ పూర్తిగా పక్వమై, కొంచెం ఆరి ఉండాలి. పచ్చి కాయ మీద రెండు జాతుల్లోనూ ఏమీ కనిపించదు.

పూలు నీటిపైకి రాకపోయినా కాయలు కాయడం చూసి ఆశ్చర్యపడనవసరం లేదు. పుసిల్లస్‌లో నీటిలోనే పరాగకోశం నుంచి వెలువడిన గాలి బుడగ ఉపరితలం మీదుగా పుప్పొడి అదే పువ్వు కీలాగ్రానికి చేరి ఆత్మపరాగసంపర్కం జరుగుతుందని పరిశీలనల్లో తేలింది. అయితే పొటమొజెటాన్ ప్రజాతి సంకరాలకు పేరుపొందింది, సంకర మొక్కలు చాలావరకు వంధ్యంగా ఉంటాయి. పూత బాగా ఉండి కూడా ఒక్క కాయా నిండుగా ఎదగని మొక్క, తొడుగు లక్షణం ఒకటి, ఆకు లక్షణం ఇంకొకటి చెప్పే మొక్క దొరికితే దాన్ని బలవంతంగా ఏదో ఒక పేరులో ఇరికించకుండా, నమూనా భద్రపరచి నిపుణులకు చూపించడం మంచిది.

నీటి స్వభావం కొంత ఊహకు తోడ్పడుతుంది. పుసిల్లస్ సున్నం, పోషకాలు ఎక్కువగా ఉన్న నీటిని, కొద్దిపాటి ఉప్పదనాన్ని కూడా తట్టుకుంటుంది. బెర్క్‌టోల్డై అలాంటి నీటితో పాటు పోషకాలు తక్కువగా ఉండే, కొంత ఆమ్లత్వమున్న నీటిలోనూ పెరుగుతుంది. కనుక ఆమ్లపు నీటి మడుగులో దొరికిన మొక్క బెర్క్‌టోల్డై అయ్యే అవకాశం ఎక్కువన్న మాట వాస్తవమే గానీ, తొడుగును చూడకుండా ఆ మాట రాయకూడదు.

ఎండిన నమూనాలు, భద్రపరచడం

హెర్బేరియం (ఎండిన మొక్కలను భద్రపరిచే సంగ్రహం) షీటు మీద అంటించిన పాత మొక్కల్లో తొడుగు కాండానికి అతుక్కుపోయి ఉంటుంది. కొమ్మ చివర నుంచి ఒకే ఒక చిన్న ముక్కను, హెర్బేరియం నిర్వాహకుల అనుమతితో, తీసి ఒక చుక్క సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో పొర మెత్తబడేదాకా నానబెట్టాలి. తర్వాత పైన చెప్పిన అడ్డకోతే కోయాలి, సూదితో విప్పే పద్ధతి ఎండిన పొరకు పనికిరాదు, ఎందుకంటే అది ఏ జాతిదైనా చిరుగుతుంది. తీసిన ముక్కను పారేయకుండా చిన్న కాగితపు పొట్లంలో పెట్టి అదే షీటుకు అంటించాలి.

కొత్త నమూనాను ఆరబెట్టాలంటే పళ్లెంలో నీళ్లు పోసి, అందులో మందపాటి కాగితాన్ని ముంచి, మొక్కను దాని మీద తేలనిచ్చి, కుంచెతో ఆకులను విడివిడిగా సర్దాలి. కాగితాన్ని ఒక పక్క నుంచి ఏటవాలుగా మెల్లగా పైకెత్తితే నీరు జారిపోయి మొక్క పరుచుకున్నట్టే నిలుస్తుంది. పైన అంటుకోని పలుచటి గుడ్డ కప్పి, అద్దుడు కాగితాల మధ్య నొక్కిపెట్టి, మొదటి కొద్ది రోజులు కాగితాలను రోజూ మార్చాలి. రెండు మూడు లేత చివరలను మాత్రం ఎండబెట్టకుండా 70 శాతం ఆల్కహాల్‌లో వేసి ఉంచితే, తర్వాత ఎవరైనా సందేహం లేవనెత్తినప్పుడు తొడుగును మళ్లీ పరీక్షించడానికి వీలుంటుంది.

లేబుల్ మీద జాతి పేరుతో పాటు తొడుగును ఏ కణుపు దగ్గర, ఏ పద్ధతిలో చూశారో ఒక వాక్యం రాయాలి. లేత చివరలు దొరకక తొడుగు పరీక్ష చేయలేకపోయినప్పుడు, మిగతా లక్షణాలు ఒకవైపు మొగ్గుతున్నా సరే, పుసిల్లస్ అని ఒంటి పేరు రాయకుండా పుసిల్లస్ సముదాయం అని రాసి, చూసిన లక్షణాలను పక్కనే నమోదు చేయాలి. అదే చోటికి లేత కొమ్మలు వేసే కాలంలో మళ్లీ వెళ్లి కోత కోసి చూశాకే ఆ రికార్డును జాతి పేరుకు మార్చాలి.